ర్యాంపు ఉంది సరే.. వాలు ఎంత?

ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, పోలింగ్ కేంద్రాల్లో మెట్ల పక్కన ర్యాంపులు కనిపిస్తూనే ఉంటాయి. కానీ కొన్నింటిపై చక్రాల కుర్చీలో ఉన్నవారు సొంతంగా ఎక్కలేరు. వెనక నుంచి ఎవరో ఒకరు నెట్టాలి. దిగేటప్పుడు కుర్చీ అదుపు తప్పే ప్రమాదమూ ఉంది. తేడా అంతా వాలు దగ్గరే వస్తోంది. అది హైస్కూలు గణితంలోని లెక్కే.

వాలు అంటే?

అడ్డంగా కొంత దూరం వెళ్తే నిలువుగా ఎంత ఎత్తు పెరిగిందో చెప్పేదే వాలు. ఎత్తును దూరంతో భాగిస్తే చాలు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్గదర్శకాల ప్రకారం ర్యాంపు వాలు 1:12కు మించకూడదు. అంటే 12 సెంటీమీటర్లు ముందుకు వెళ్తే 1 సెంటీమీటరే పైకి లేవాలి.

15 సెంటీమీటర్ల మెట్లు నాలుగు ఉంటే మొత్తం ఎత్తు 60 సెంటీమీటర్లు. దీన్ని 12తో గుణిస్తే 720. అంటే 7.2 మీటర్ల స్థలం కావాలి. చోటు లేదని 3 మీటర్లలోనే ముగిస్తే వాలు 1:5 అవుతుంది. అనుమతించిన దానికి ఇది రెండు రెట్లకు పైనే. చోటు తక్కువైతే మధ్యలో చదునైన మలుపు ఇచ్చి ర్యాంపును వెనక్కి తిప్పాలి.

సమీకరణం ఎక్కడుంది?

ర్యాంపు మొదలయ్యే చోట నేల అప్పటికే 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అప్పుడు ఎత్తు = దూరం ÷ 12 + 10. ఎత్తు 60 కావాలంటే దూరం 600, అంటే 6 మీటర్లు చాలు. పాఠ్యపుస్తకాల్లో 'వై = ఎంఎక్స్ + సి' అని ఉండేది ఇదే. 'ఎం' వాలు, 'సి' మొదలయ్యే ఎత్తు. మొదలు మారితే గీత పైకో కిందికో జరుగుతుంది, వాలు మారదు.

సగటుతో జాగ్రత్త

సరళరేఖపై ఏ రెండు బిందువులు తీసుకున్నా వాలు ఒకటే. ర్యాంపును పరీక్షించే పద్ధతీ ఇదే. నేల మట్టం నుంచి 7.2 మీటర్లలో 60 సెంటీమీటర్లు ఎక్కే ర్యాంపు కాగితంపై 1:12 గానే కనిపిస్తుంది. కానీ మొదటి 3 మీటర్లలో 10 సెంటీమీటర్లే లేచి, మిగిలిన 4.2 మీటర్లలో 50 లేస్తే పైభాగం వాలు 1:8.4. కుర్చీ ఆగిపోయేది అక్కడే. అందుకే ముక్కలుగా కొలవాలి.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు సిఫార్సులుగా మిగిలిపోకూడదని తేల్చింది. తప్పనిసరి నిబంధనలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. నిబంధన కాగితంపై ఉన్నా, కట్టిన ర్యాంపు దాన్ని పాటించిందో లేదో తేల్చేది కొలతే. దానికి ఒక టేపు, ఒక భాగహారం చాలు.