డాబా మీద సున్నం

మే నెల మధ్యాహ్నం, వినుకొండలో, అటక మీది ఆవకాయ జాడీ దించబోతే అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు చెయ్యి చురుక్కుమంటుంది. అటకకీ పైన స్లాబుకీ మధ్య ఉన్నది మూరెడు సందు, అందులో గాలి ఆడదు. నడినెత్తి ఎండలో డాబా మీద చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్ల వేడి పడుతుంది, చదరానికో ఇస్త్రీపెట్టె పెట్టినట్టే. మాసిన సిమెంటు స్లాబు అందులో సగానికి పైగా మింగేస్తుంది. పగలంతా మేసింది రాత్రి నెమరేస్తుంది. మనం ఫ్యాను వేసుకుని తిప్పుకునేది ఆ నెమరునే.

దీనికి విరుగుడు సరుకు మన పల్నాడు జిల్లాలోనే, పిడుగురాళ్ల బట్టీల్లో కాలుతోంది. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే 100 కిలోల్లో 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోతుంది. మిగిలిన 56 కిలోలే రాతి సున్నం. దాన్ని డ్రమ్ములో వేసి నీళ్లు పోయండి, నిప్పు లేకుండానే కుతకుత ఉడుకుతుంది. పూశాక, గాలిలోంచి అదే వాయువును మెల్లగా లాక్కుని మళ్లీ రాయవుతుంది. అంటే వెల్ల అనేది డాబాకి తొడిగిన పలచటి రాతిపొర.

తెలుపు ఎండను వెనక్కి కొడుతుందని అందరికీ తెలుసు. సున్నానికి రెండో గుణం కూడా ఉంది: ఎంతో కొంత ఎక్కిన వేడిని కంటికి కనబడని కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. కొత్త జింకు రేకు తళతళలాడుతూ ఎండను బాగానే తిప్పికొడుతుంది గానీ ఈ వదిలించుకునే విద్య దానికి రాదు. రేకుల షెడ్డు కింద మాడిపోయేది అందుకే.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లూ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్లూ కలిసి హైదరాబాద్ భవనాల మీద తెల్ల డాబా ఇచ్చే చలవను కొలిచారు. 2012లో అచ్చయిన వాళ్ల లెక్కలో, మామూలు సిమెంటు డాబాని తెల్లగా చేస్తే చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. నల్లటి డాబా అయితే 14 నుంచి 26 శాతం. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని పైకప్పులు లక్ష్యంగా.

ఇక అసలు ముచ్చట. 2020లో అమెరికా పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం ఓ రంగు చేసింది. పడిన ఎండలో 95.5 శాతం తిప్పికొట్టి, మిట్టమధ్యాహ్నం చుట్టూ ఉన్న గాలికంటే కనీసం 1.7 డిగ్రీలు చల్లగా నిలిచింది. అందులో వాళ్లు కలిపిన పొడి కాల్షియం కార్బనేట్, అంటే మన సున్నం ఆరాక మిగిలేదే! మామూలు తెల్లరంగుల్లోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను తాగేస్తుంది, ఇది తాగదు. రేణువుల్ని మాత్రం రకరకాల సైజుల్లో ఎంచి, ఆక్రిలిక్ జిగురులో చిక్కగా కలిపారు. ఒక్కో సైజు ఒక్కో రకం కాంతిని చెదరగొడుతుంది. మన వెల్లకు అంత పనితనం లేదు. బట్టీ పొడికి సైజులు ఎంచేదెవరు?

శివరాత్రి దాటగానే మా డాబాకి వెల్ల వేయించడానికి మేస్త్రీని పిలిచాను.

"గోడలకి కదండీ వేసేది, డాబా ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"సూర్యుడు చూస్తాడు, వెయ్యవయ్యా."

ముందు దుమ్ము కడిగించాం. రాత్రంతా నానిన సున్నాన్ని పాత పంచెలో వడగట్టి, జిగురు కలిపి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా రెండు పూతలు. తడి సున్నం చర్మాన్ని కొరుకుతుంది, కంట్లో పడితే ప్రమాదం. పొద్దెక్కాక ఆ తెలుపు వంక కళ్లు తెరిచి చూడలేం, పని తెల్లవారుజామునే కానివ్వాలి.

అటక మీది జాడీ ఇప్పుడు చేతికి నిలుస్తోంది. పడమటి గోడ మాత్రం సాయంత్రానికి ఎప్పట్లాగే కాలుతోంది, దానికి ఈ మందు పనిచేయలేదు. జులైలో మొదటి పెద్ద వాన పడిన రోజు తూములోంచి మజ్జిగలాంటి నీళ్లు వీధిలోకి పారాయి. మేస్త్రీ అటుగా పోతూ సైకిలు ఆపి, తూము వంకా నా వంకా చూసి, "మళ్లీ శివరాత్రికేగా, సార్!" అని వెళ్లిపోయాడు.