గృహ బీరు తయారీ మార్గదర్శక గ్రంథాలు – విస్తరణ సాహిత్యానికి కొన్ని పాఠాలు

విలియం కాబెట్ ఇంగ్లండులోని వ్యవసాయ కూలీల కుటుంబాల కోసం రచించిన 'కాటేజ్ ఎకానమీ' 1822లో పుస్తకరూపం దాల్చింది. రొట్టెల తయారీ, ఆవులు, పందులు, తేనెటీగలు, కోళ్ల పెంపకం మొదలైన ఇంటి పనులను వివరించే ఆ గ్రంథం బీరు తయారీతోనే ప్రారంభమవుతుంది. కూలి కుటుంబం టీ కొనుగోలుకు డబ్బు వెచ్చించే కంటే ఇంటనే బీరు కాచుకోవడం మేలని కాబెట్ వాదం. ఆ వాదంతో నేటి పాఠకునికి పనిలేదు. కానీ మాల్ట్‌ను, అనగా మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, ఎంత వేడి నీటిలో కలపాలో ఆయన చెప్పిన తీరు విస్తరణ శాస్త్రవేత్తలు ఆగి చూడదగినది. నీరు 170 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 77 డిగ్రీల సెల్సియస్ ఉండాలని చెప్పి, ఉష్ణమాపకం అందరి ఇళ్లలోనూ ఉండదు గనుక మరొక గుర్తును కూడా ఆయన ఇచ్చారు. మరిగిన నీటిని తొట్టిలో పోసి, పైకి లేచే ఆవిరి తగ్గి, వంగి చూస్తే తన ముఖం నీటిలో స్పష్టంగా కనిపించే వరకు ఆగమన్నారు.

ఈ గుర్తు వెనుక ఉన్న శాస్త్రం సులభమైనదే. బార్లీ మొలకెత్తే దశలో రూపొందిన అమైలేజ్ ఎంజైములు గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. నీరు, మాల్ట్ కలిసిన మిశ్రమం 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిస్తే ఆ మార్పు సక్రమంగా సాగుతుంది. మరిగే నీటినే మాల్ట్‌పై పోస్తే ఎంజైములు నశించి జావ మాత్రమే మిగులుతుంది. చల్లని మాల్ట్ కొంత వేడిని గ్రహిస్తుంది కనుక నీటిని ఆ మేరకు ఎక్కువ వేడిగా ఉంచాలి. మాల్ట్‌లోని ఈ ఎంజైమును పాయెన్, పెర్సో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేసింది 1833లో. అంటే కాబెట్‌కు కారణం తెలియదు. అయినప్పటికీ పరికరం లేని మనిషికి పరికరం చేసే పనిని కంటిచూపుతో చేయించగలిగారు. ధాన్యం ఆరినదో లేదో పంటితో కొరికి తేల్చే మన రైతుకు ఈ పద్ధతి కొత్తగా తోచదు.

తెలుగు రాష్ట్రాలలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కనుక ఈ పుస్తకాలను ఇక్కడ పరిశీలించడం తయారీ కోసం కాదు. ఎంజైములు, ఈస్ట్, వాయుపీడనం కలగలిసిన ఒక జీవరసాయన ప్రక్రియను, ప్రయోగశాల ముఖం చూడని వ్యక్తికి, పక్కన గురువు లేకుండా, కేవలం అచ్చు పుటల ద్వారా నేర్పిన అనుభవం వాటిలో ఉంది. రైతుకు కరపత్రం రాసే శాస్త్రవేత్త చేసే పని కూడా ఇదే.

కాబెట్ తరువాత ఈ విద్య ఇళ్ల నుంచి క్రమంగా తొలగిపోయింది. బ్రిటన్‌లో 1880లో గ్లాడ్‌స్టన్ మాల్ట్ పన్నును రద్దుచేసి బీరుపైనే సుంకం విధించినప్పుడు, ఇంటి తయారీకి సైతం లైసెన్సు తప్పనిసరి అయింది. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్న కాలంలో డబ్బాలలో అమ్మే మాల్ట్ పాకం, పంచదార, రొట్టెల ఈస్ట్ కలిపి నేలమాళిగలలో బీరు కాచేవారు. చట్టవిరుద్ధమైన పని గనుక దానికి మంచి పుస్తకం వెలువడే అవకాశం లేదు. నోటిమాటగా పాకిన సూత్రం 'ఇన్ని రోజులు ఉంచు, సీసాలో పోయి' అన్నంత వరకే నిలిచింది. పుల్లబారిన బీరు, రాత్రివేళ పేలిన సీసాలు ఆ తరం జ్ఞాపకాలలో భాగమయ్యాయి. నిషేధం తొలగినప్పుడు ఇంట్లో ద్రాక్షసారా చేసుకునే వెసులుబాటు లభించినా, బీరుకు మాత్రం అది దక్కలేదు.

బ్రిటన్ ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ 1963 బడ్జెట్‌లో ఇంటి తయారీ లైసెన్సును ఎత్తివేశారు. అదే సంవత్సరం సి. జె. జె. బెర్రీ రచించిన 'హోం బ్రూడ్ బీర్స్ అండ్ స్టౌట్స్' వెలువడింది. చట్టం మారిన వెంటనే పుస్తకం సిద్ధంగా ఉండటం విశేషం. కొత్త వంగడం విడుదలైన ఏడాది గడిచాక గాని దాని సాగు కరపత్రం అచ్చుకాని సందర్భాలు ఎరిగిన వారికి ఈ విషయం వివరించనక్కరలేదు. 1974లో డేవ్ లైన్ రాసిన 'ది బిగ్ బుక్ ఆఫ్ బ్రూయింగ్' మరొక అడుగు ముందుకు వేసి, డబ్బా పాకాన్ని విడిచి నేరుగా మాల్ట్ గింజలతో తయారీని సామాన్యుని వంటింటికి తెచ్చింది. అమెరికాలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. వయోజనులు ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా తయారుచేసుకునే వీలు కలిగింది.

అమెరికాలో ఈ సాహిత్యానికి కొత్త బాట వేసినవారు చార్లీ పాపేజియన్. అణు ఇంజనీరింగు చదివి, కొలరాడోలోని బౌల్డరులో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన వ్యక్తి ఆయన. 1984లో వెలువడిన 'ది కంప్లీట్ జాయ్ ఆఫ్ హోంబ్రూయింగ్'లో ఇంజనీరు కంటే బడిపంతులే ఎక్కువగా కనిపిస్తాడు. పుస్తకం ప్రారంభకులు, మధ్యస్థులు, నిపుణులు అనే మూడు మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టులో ఎంజైముల ఊసే దాదాపు లేదు. మాల్ట్ పాకాన్ని నీటిలో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలపడమే పని. పిండి చక్కెరగా మారే కఠినమైన దశను పాకం తయారీదారు ముందే ముగించి ఉంటాడు. పాఠకుడు చెడగొట్టగలిగినవి రెండు మూడు అంశాలకే పరిమితమవుతాయి. మొదటి సీసా తెరిచి తృప్తి చెందిన తరువాతనే అతడు ఉష్ణోగ్రతలు, నీటి లవణాలు, హాప్స్ చేదు లెక్కలు చదవడానికి కూర్చుంటాడు.

ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రతిపాదించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం చదివిన విద్యార్థులు ఇక్కడ సంక్లిష్టత, ప్రయోగయోగ్యత అనే రెండు లక్షణాలను గుర్తుపడతారు. పాపేజియన్ ప్రక్రియను సులభతరం చేయలేదు. దాని కఠిన భాగాన్ని వాయిదా వేశారు. ఈ రెంటికీ తేడా పెద్దది. కఠిన భాగాన్ని పూర్తిగా దాచిపెట్టే పుస్తకం పాఠకుణ్ణి మొదటి మెట్టుపైనే వదిలేస్తుంది. దానితోనే మొదలుపెట్టే పుస్తకాన్ని అతడు నాలుగో పుట వద్దే మూసివేస్తాడు. మన శిక్షణ కరదీపికలలో అధికభాగం శాస్త్రీయ నామంతో, వర్గీకరణతో ప్రారంభమై, చేయవలసిన పనిని చివరి పుటకు నెట్టివేయడం ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.

అయితే ఈ పుస్తకాలన్నింటికీ అసలైన పరీక్ష సీసాలలో నింపే దశ వద్ద ఎదురవుతుంది. మిగిలిన చోట్ల పొరపాటు జరిగితే బీరు మాత్రమే పాడవుతుంది. ఇక్కడ జరిగితే గాజు పెంకు కంటిలో గుచ్చుకుంటుంది.

పులియడం పూర్తయిన బీరులో లీటరుకు సుమారు 6 గ్రాముల చక్కెర కలిపి సీసాలకు మూతలు బిగిస్తారు. మిగిలి ఉన్న ఈస్ట్ ఆ చక్కెరను వినియోగించుకొని కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. ఒక గ్రాము చక్కెర నుంచి దాదాపు అర గ్రాము వాయువు వస్తుంది. బీరులో అప్పటికే కరిగి ఉన్నదానితో కలిపి లీటరుకు నాలుగున్నర నుంచి ఐదు గ్రాములకు చేరుతుంది. ఆ పీడనాన్ని మామూలు బీరు సీసా సునాయాసంగా తట్టుకుంటుంది. కానీ పులియడం నిజంగా పూర్తయిందా అన్నదే ప్రశ్న. సాపేక్ష సాంద్రత 1.045 వద్ద మొదలైన ద్రవం 1.012 వరకు దిగవలసి ఉండగా 1.016 వద్దనే సీసాల్లోకి వెళ్లిందనుకుందాం. ఆ మిగులు సీసాలోనే పులుస్తుంది. సాంద్రత 0.001 తగ్గినప్పుడల్లా లీటరుకు సుమారు ఒక గ్రాము వాయువు పుడుతుంది. అంటే నాలుగు గ్రాములు అదనం. సీసాలోని వాయువు ఇంచుమించు రెట్టింపవుతుంది.

'ఏడవ రోజున సీసాలలో నింపండి' అనే సూచన వల్ల ప్రమాదం ఇక్కడే పుడుతుంది. గది వెచ్చగా ఉంటే అయిదు రోజులకే పులియడం ముగియవచ్చు. చల్లగా ఉంటే రెండు వారాలు పట్టవచ్చు. ఈస్ట్ పాతదైతే నడుమ ఆగిపోయి, నురుగు అణగి, అంతా అయిపోయినట్లు భ్రమ కలిగించవచ్చు. వరుస రోజులలో హైడ్రోమీటరు కొలత మారకుండా, ఊహించిన తుది అంకెకు దగ్గరగా ఉంటేనే నింపమని మంచి పుస్తకాలు చెబుతాయి. తేదీని ఇస్తే అది అంచనా మాత్రమేనని స్పష్టం చేస్తాయి. పైరుకు నాటిన ఇన్ని రోజులకు మందు కొట్టమనే సలహాకు, పురుగుల సంఖ్య ఆర్థిక నష్ట పరిమితిని దాటినప్పుడే కొట్టమనే సలహాకు మధ్య ఉన్న దూరం ఇదే. వరిలో నత్రజనికి ఆకు రంగు పట్టికను వాడమనడం కూడా ఇదే కోవకు చెందుతుంది. తేదీని చెప్పడం రచయితకు సులభం, గుర్తుపెట్టుకోవడం పాఠకునికి సులభం. అందుకే అది పదేపదే పుస్తకాలలో చోటు చేసుకుంటుంది.

కొలతల గందరగోళం దీనికి తోడవుతుంది. పాపేజియన్ కాలంలో ప్రచారమైన కొలత అయిదు గ్యాలన్లకు ముప్పావు కప్పు మొక్కజొన్న చక్కెర. అదే కప్పుతో మామూలు పంచదార పోస్తే బరువు ఎక్కువ తూగుతుంది. తరువాతి పుస్తకాలు కప్పును వదిలి బరువుకు మారాయి. పురుగుమందును సీసా మూతతో కొలిచే అలవాటు ఉన్న చోట ఈ మార్పు ప్రాధాన్యం వేరుగా చెప్పనక్కరలేదు. ఇక బ్రిటిషు గ్యాలను 4.5 లీటర్లు, అమెరికా గ్యాలను 3.8 లీటర్లు. లండనులో అచ్చయిన పుస్తకంలోని అయిదు గ్యాలన్ల మోతాదును అమెరికా పాత్రకు వాడితే చక్కెర ఐదవ వంతు పెరిగిపోతుంది. సెంట్లలో లెక్కించే రైతుకూ, గుంటలలో లెక్కించే రైతుకూ ఒకే కరపత్రం హెక్టార్లలో చేరే చోట ఈ ఉదాహరణను తరగతిలో వాడుకోవచ్చు.

ఈ వరుసలో జాన్ పామర్ రాసిన 'హౌ టు బ్రూ' ప్రత్యేకంగా పేర్కొనదగినది. లోహశాస్త్రజ్ఞుడైన ఆయన గ్రంథం తొలి రూపం 2000 ప్రాంతంలో అంతర్జాలంలో ఉచితంగా లభించింది. నాలుగవ ముద్రణ 2017లో వచ్చింది. మొదటి రోజు చేయవలసిన పని మొదటి అధ్యాయంలోనే సంగ్రహంగా ఉంటుంది; ప్రతి అంశానికీ కారణం వెనుక అధ్యాయాలలో విస్తారంగా లభిస్తుంది. పామర్ తన పాత సలహాను తానే సవరించుకున్న తీరు అంతకంటే విలువైనది. పులియడం నెమ్మదించగానే బీరును రెండవ పాత్రలోకి మార్చాలని ఆ కాలపు పుస్తకాలన్నీ చెప్పేవి. పామర్ తొలి కూర్పు కూడా ఆ పద్ధతిని సమర్థించింది. అడుగున పేరుకున్న ఈస్ట్ చనిపోయి కరిగితే చెడు రుచి వస్తుందన్న భయం దానికి కారణం. ఆ భయం ఎత్తయిన పారిశ్రామిక ట్యాంకులది. అక్కడ అడుగునున్న ఈస్ట్‌పై ద్రవభారం, వేడి అధికం. ఇరవై లీటర్ల పాత్రలో, మంచి ఈస్ట్‌తో, కొన్ని వారాలలో అటువంటి హాని సాధారణంగా కలగదు. పైగా పాత్ర మార్చేటప్పుడు గాలి సోకి, సూక్ష్మజీవులు చేరే ప్రమాదమే ఎక్కువ. తరువాతి కూర్పులో మామూలు బీరుకు ఆ పని అక్కరలేదని పామర్ రాశారు.

పెద్ద ట్యాంకుకు సరిపడిన జాగ్రత్త చిన్న పాత్రకు హాని చేసిన ఈ ఉదంతం పరిశోధన క్షేత్రం నుంచి రైతు పొలానికి సిఫారసులు తరలే మార్గంలోనూ తారసపడుతుంది. నిజానికి చిన్న నమూనాల సమస్య బీరు పరిశ్రమకు కొత్తది కాదు. వ్యవసాయ విద్యార్థులందరూ ప్రయోగ ఫలితాలకు వాడే 'టి' పరీక్షను 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించిన విలియం గాసెట్ డబ్లినులోని గిన్నిస్ సంస్థ ఉద్యోగి. బార్లీ, మాల్ట్, హాప్స్ నమూనాలు కొద్దిగా మాత్రమే లభించే పరిస్థితిలో నిర్ణయం తీసుకోవలసి రావడమే ఆయనను ఆ దారి పట్టించింది.

లోపాలు లేవని కాదు. పుట పుటకూ కొత్త పరికరాన్ని పరిచయం చేసి, అది లేనిదే పని సాగదనే భావన కలిగించడం ఇటీవలి పుస్తకాలలో పెరిగింది. నీటి రసాయనశాస్త్రాన్ని అవసరానికి మించి బోధించడం మరొకటి. కాబెట్ చూపిన సౌలభ్యం, అనగా పరికరం ఉన్నవానికి అంకె, లేనివానికి గుర్తు అనే జంట సూచన, వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

ప్రతి తయారీకీ ఒక పుటలో తేదీ, ఈస్ట్ రకం, గది ఉష్ణోగ్రత, ప్రారంభ సాంద్రత, తుది సాంద్రత, రుచి, తదుపరిసారి మార్చవలసినది రాసుకోమని ఈ పుస్తకాలు ఆదేశిస్తాయి. కొన్ని తయారీల తరువాత పాఠకుడు తిరగేసేది రచయిత పుస్తకాన్ని కాక తన చేతిరాతనే. తన గదిలో, తన ఈస్ట్‌తో, చలికాలంలో పులియడానికి ఎన్ని రోజులు పడుతుందో అచ్చు పుస్తకంలో లేని అంకె అందులో ఉంటుంది.