పెచ్చెరువు దగ్గర ఆగినప్పుడు

మా హాస్టల్లో ఒక అలవాటుంది. రాత్రి పదిన్నరకి రికార్డులు పక్కన పడేసి, ఎవరో ఒకరి ల్యాప్‌టాప్ ముందు చేరి ట్రావెల్ వీడియోలు చూస్తాం. ఖర్చు లేని ప్రయాణం అన్నమాట. పోయిన నెల అలా చూసిన వీడియో గ్రీన్‌లాండ్‌ది. మంచుగడ్డల మధ్య ఒక ఓడ ఆగింది. ఎర్ర జాకెట్లు వేసుకున్న టూరిస్టులు రబ్బరు పడవల్లో ఒడ్డుకి వచ్చారు. ఒడ్డున రంగురంగుల చెక్క ఇళ్ళున్న చిన్న ఊరు. దిగీ దిగగానే అందరూ కెమెరాలు తీశారు. ఒక ఇంటి ముందు ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి వాళ్ళ వైపు చూశారు.

రూమ్‌లో అందరూ "అబ్బ, ఏం ప్లేస్ రా" అంటున్నారు. నాకు మాత్రం మా పెచ్చెరువు గుర్తొచ్చింది. అక్కడ కెమెరా పట్టుకుని దిగినవాణ్ణి నేనే.

ముందు గ్రీన్‌లాండ్ సంగతి చెప్తాను. ఆ ఊరి పేరు ఇట్టొకోర్టూర్‌మిట్. గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలో ఉంది. జనాభా దాదాపు 350 మంది, అంటే మా కాలేజీలో ఒక బ్రాంచి అంత. 1925లో వేరే చోటి నుంచి వచ్చిన కొన్ని ఇన్యూట్ కుటుంబాలతో ఈ ఊరు మొదలైంది. వేట వాళ్ళ జీవనాధారం. ఏడాదిలో దాదాపు తొమ్మిది నెలలు సముద్రం గడ్డకట్టే ఉంటుంది. రోడ్డు లేదు. సరుకుల ఓడ వేసవిలో వస్తేనే సామాన్లు. మంచు కరిగిన ఆ రెండు మూడు నెలల్లోనే టూరిస్టుల ఓడలు కూడా వస్తాయి.

వీటిని ఎక్స్‌పెడిషన్ క్రూయిజ్‌లు అంటారు. ఐదువేల మందిని ఎక్కించుకునే పెద్ద ఓడలు కావు. వంద, రెండు వందల మంది పట్టే చిన్నవి. రేవు లేని చోట కూడా లంగరు వేసి, రబ్బరు పడవల్లో జనాన్ని దింపుతాయి. కొన్ని గంటలు ఊళ్ళో తిరగడం, మళ్ళీ ఓడ ఎక్కడం. లెక్క చూడండి. 350 మంది ఉన్న ఊళ్ళోకి ఒక్కసారిగా 150 మంది కొత్తవాళ్ళు దిగితే, వీధిలో ఎదురయ్యే ప్రతి ముగ్గురిలో ఒకరు చుట్టమో పక్కింటివాళ్ళో కాదు, మీ ఇంటిని ఫోటో తీసుకోవడానికి వచ్చిన మనిషి.

ఈ ఇబ్బంది ఓడలవాళ్ళకీ తెలిసింది. 2003లో ఆర్కిటిక్ ఎక్స్‌పెడిషన్ క్రూయిజ్ ఆపరేటర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం టూరిస్టుల కోసం నియమాలు రాసింది. అడగకుండా మనుషుల ఫోటో తీయొద్దు. కిటికీల్లోంచి ఇళ్ళలోకి తొంగి చూడొద్దు. సమాధుల దగ్గర మర్యాదగా ఉండాలి. కుక్కల్ని ముట్టుకోవద్దు. ఊరివాళ్ళతో కలిసి, ఆ ఊరికే ప్రత్యేకంగా నియమాలు రాసే పద్ధతి కూడా ఉంది. చదువుతుంటే చాలా మామూలు విషయాలే అనిపిస్తాయి. కానీ నేను పోయిన శివరాత్రికి తప్పింది మొట్టమొదటి నియమమే.

మాది ఆత్మకూరు. నెల్లూరు ఆత్మకూరు కాదు, నల్లమల ఆత్మకూరు. మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మా ఊరి నుంచి శ్రీశైలానికి బస్సులో పోతే దోర్నాల మీదుగా వంద కిలోమీటర్ల పైమాటే. అదే మా ఊరి దగ్గర వెంకటాపురం నుంచి అడవిలో నడిచిపోతే సుమారు 40. నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెచ్చెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాస ద్వారం, ఆ తర్వాత మల్లన్న. రెడ్డిరాజుల కాలం కంటే ముందు నుంచీ జనం శ్రీశైలానికి నడిచిపోతున్నారు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఆ క్షేత్రానికి మెట్లు కట్టించాడు.

ఇప్పుడు ఆ అడవంతా నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. మామూలు రోజుల్లో ఆ దారిలో నడవనివ్వరు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం దారి తెరుస్తారు. శివరాత్రికి మనవాళ్ళు, ఉగాదికి కన్నడ భక్తులు వేలకి వేలు నడుస్తారు. వాళ్ళకి భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, అందుకని చీర, పసుపు కుంకుమ తీసుకుని వస్తారు. అంటే ఆర్కిటిక్‌లో మంచు కరిగినట్టు, మా దగ్గర ఏడాదికి రెండుసార్లు గేటు తెరుచుకుంటుంది. ఆ దారి మధ్యలో ఉన్నది పెచ్చెరువు చెంచు గూడెం.

మేము గూడెం చేరేసరికి మధ్యాహ్నం అయింది. కాళ్ళకి బొబ్బలు. అన్నదానం దగ్గర తిని, నీడ చూసుకుని కూర్చున్నాం. నాతో వచ్చిన మా చిన్నాయన ఏటా నడిచే మనిషి, తెలిసినవాళ్ళని పలకరిస్తూ అటు పోయాడు. నేను ఫోన్ తీసి తిరుగుతున్నాను. ఒక ఇంటి ముందు ఒక అవ్వ చింతపండు గింజలు తీస్తా ఉంది.

"ఏ ఊరు నాయనా మీది?" అంది.

"ఆత్మకూరు అవ్వా" అన్నాను. అంటూనే ఫోటో తీసేశాను. పోర్ట్రెయిట్ మోడ్‌లో.

ఆమె పైట ముఖానికి అడ్డం పెట్టుకుంది. "నా బొమ్మ ఎందుకు నాయనా నీకు?" అంది. నేను నవ్వి, "బాగుంది అవ్వా" అని ముందుకి పోయాను. నేనేదో మెచ్చుకున్నాను అనుకున్నాను. ఆమె అడిగింది ప్రశ్న అని, దానికి నేను జవాబు చెప్పలేదని అప్పుడు తోచలేదు.

శ్రీశైలంలో సిగ్నల్ రాగానే ఆ ఫోటో క్లాస్ గ్రూప్‌లో పెట్టాను. ఒకడు స్టేటస్ పెట్టుకున్నాడు. నాలుగో రోజుకి అది నాకు తెలియని ఒక పేజీలో కనిపించింది. కింద "నాగరికత తెలియని మనుషులు" అని రాసి ఉంది. గ్రూప్‌లో డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కుదామంటే టైమ్ అయిపోయింది. పేజీవాడికి మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. ఒక ఫైల్ కాపీ అయ్యాక ఒరిజినల్ డిలీట్ చేస్తే ఏమీ కాదని నేను ఫస్ట్ ఇయర్‌లోనే చదువుకున్నాను.

ఈ మాట చిన్నాయనకి చెప్తే ఆయన తిట్టలేదు. "ఆ యమ్మ మనవడు మన ఆత్మకూరులోనే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు రా. వాని చేతిలో ఫోన్ ఉండదనుకున్నావా?" అన్నాడు అంతే. తన అవ్వ బొమ్మ కింద ఆ మాట ఆ పిల్లోడు చదివి ఉంటాడా అని నేను ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

తర్వాత చెంచుల గురించి దొరికింది దొరికినట్టు చదివాను. ఆ పేజీవాడు కొత్తగా ఏమీ కనిపెట్టలేదని అర్థమైంది. 1840ల్లోనే న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి చెంచుల మీద వ్యాసం రాసి, దాని పేరులోనే వాళ్ళని అడవి జాతి అన్నాడు. హైమన్‌డార్ఫ్ కృష్ణకి అవతల అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య ఉండి వాళ్ళ మీద పెద్ద పుస్తకమే రాశాడు, అది 1943లో అచ్చయింది. ఆయన ఉండి, అడిగి రాశాడు. నేను అడగనైనా అడగలేదు.

అసలు ఆ దారిలో చెంచులు చూడటానికి పెట్టిన బొమ్మలు కాదు, దారి వాళ్ళదే. పాత రోజుల్లో శ్రీశైలం యాత్రికులకి దొంగల నుంచి, మృగాల నుంచి కాపలా కాసింది వాళ్ళే. అందుకు యాత్రికుల దగ్గర రుసుము తీసుకునే హక్కు కూడా వాళ్ళకి ఉండేది. ఈ రోజు పులుల కాపలాకి అటవీశాఖ పెట్టుకునే వాచర్లలో చాలామంది చెంచులే. మనం ఇళ్ళలో వాడే అడవి తేనె వెనక వాళ్ళు చెట్టెక్కిన కష్టం ఉంది. ఇంకో మాట. చెంచుల కథలో మల్లన్న వాళ్ళ పిల్లని పెళ్ళి చేసుకున్న అల్లుడు. అహోబిలంలో నరసింహుడికీ చెంచులక్ష్మి ఉంది కదా, అలాగే. అంటే మనం అల్లుడి దర్శనానికి పోతూ, మధ్యలో అత్తగారింట్లో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, వాళ్ళని ఫోటో తీసుకుని పోతున్నాం.

"మేము టూరిస్టులం కాదు, భక్తులం" అని మా ఫ్రెండ్ ఒకడు వాదించాడు. నిజమే. క్రూయిజ్‌కి లక్షలు కట్టి వచ్చేవాళ్ళకీ, బొబ్బల కాళ్ళతో నడిచేవాళ్ళకీ తేడా ఉంది. కానీ ఇంటి ముందు కూర్చున్న మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆమెకి కనిపించేది కొత్త మనిషి, చేతిలో ఫోన్, అంతే. అండమాన్‌లో జరావాల ఫోటో తీయడం చట్టప్రకారం నేరం. మన చెంచులు మనతో తెలుగులోనే మాట్లాడతారు. చట్టం దాకా పోనక్కర్లేదు, నోరు తెరిచి అడిగితే చాలు.

దారి పొడుగునా ప్లాస్టిక్ వేయొద్దని, నిప్పు పెట్టొద్దని బోర్డులు చూశాను. మనుషుల గురించి బోర్డు నాకు కనిపించలేదు. అందుకని వచ్చే శివరాత్రికి మన కాలేజీ నుంచి నడిచేవాళ్ళకి నేనే నాలుగు మాటలు రాస్తున్నాను.

గూడెంలో ముందు పలకరించండి, ఫోన్ తర్వాత తీయొచ్చు. వద్దంటే వద్దు, పైట అడ్డం పెట్టుకున్నా వద్దనే. పిల్లల ఫోటోలు అమ్మానాన్నలని అడగకుండా తీయొద్దు, తీసినా ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. ఇళ్ళ లోపలికి తొంగి చూడొద్దు, నీడ కావాలంటే అడిగి కూర్చోండి. తేనె అమ్ముతుంటే బేరం ఆడకుండా కొనండి. తెచ్చిన ప్లాస్టిక్ మళ్ళీ మీ సంచిలోనే వేసుకుని కిందికి మోసుకు రండి.

ఆ అవ్వ నన్ను నా ఊరు అడిగింది. నేను ఆమె పేరు కూడా అడగలేదు. ఈసారి పోయినప్పుడు ముందు పేరు అడుగుతాను. ఆ ఫోటో సంగతి కూడా చెప్తాను, తిడితే పడతాను.