పాత టర్బో డీజిలు కారు: గాలి మార్గము

అగ్నికి వాయుసఖుడని మన భాషలో ఒక పేరు కలదు. గాలి తోడు లేనిదే నిప్పు నిలువదు. మోటారు ఇంజనులో రగులునదియు నిప్పే కనుక ఈ స్నేహము అక్కడను తప్పదు. కారు యజమానులు డీజిలు ధరను గూర్చి, ఇంజను నూనెను గూర్చి, టైర్లను గూర్చి తరచు విచారింతురు గాని, ఇంజను పీల్చు గాలిని గూర్చి తలచువారు తక్కువ. బండి పాతదై, ఎత్తు ఎక్కునపుడు ఆయాసపడుట మొదలిడిన పిమ్మటనే ఆ ప్రసక్తి వచ్చును. అప్పుడు స్పేరు పార్టుల దుకాణములోనో, మెకానిక్కు షెడ్డులోనో ఒక సలహా వినబడును. కంపెనీవారు అమర్చిన నల్లని పెట్టెను, గొట్టమును తీసివేసి, వాటి స్థానమున మెరయు లోహపు గొట్టమును, శంకువు ఆకారపు ఫిల్టరును బిగించినచో బండికి క్రొత్త బలము వచ్చునట! ఈ మాట ఎంతవరకు నిజము? ఎప్పుడు మేలు? ఎప్పుడు కీడు? మనము కొంచెము నిదానముగా పరిశీలింతము.

ఇంజనుకు కావలసిన గాలి ఎంతయో మొదట చూతము. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు సుమారు 12 కిలోల గాలి కావలెను. అనగా కొలతలో పదివేల లీటర్లు. డీజిలు ఇంజను ఎల్లప్పుడును అవసరమునకు మించియే గాలి పీల్చును గనుక నిజముగా లోనికి పోవునది ఇంతకంటె ఎక్కువ. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారు, ఆ పదునైదు కిలోమీటర్లలో ఒక చిన్న గదిలోని గాలి అంతయు మ్రింగివేయుచున్నదన్నమాట.

ఈ గాలిని మరింత దట్టముగా లోనికి నెట్టుటకు ఏర్పడినదే టర్బో. ఇంజను వెలువరించు పొగ వేగముతో ఒక చక్రము తిరుగును. దానితో ఒకే ఇరుసుపై అమర్చిన రెండవ చక్రము గాలిని అదిమి సిలిండర్లలోనికి పంపును. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి ఈ ఆలోచనకు 1905లోనే పేటెంటు పొందెను. టర్బో డీజిలు ఇంజను గల మెర్సిడెస్ 300 ఎస్.డి. కారు 1978లో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. మన దేశమున 1998లో టాటా సఫారి, 2002లో మహీంద్రా స్కార్పియో, 2007లో మారుతి స్విఫ్టు డీజిలు కారు ఈ విధమైన ఇంజన్లతో వెలువడినవి. ఆ తరము బండ్లను గూర్చియే మనము ప్రస్తావించుచున్నాము. ఈ టర్బో చక్రము నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగునని గుర్తుంచుకొనవలెను. దీని ప్రాధాన్యము ముందు తెలియగలదు.

ఇక బలము మాట. గాలి ఎక్కువైనచో బలము హెచ్చునను తర్కము డీజిలు ఇంజనుకు సూటిగా వర్తింపదు. ఇందు బలమును నిర్ణయించునది లోనికి చిమ్మబడు డీజిలు పరిమాణము. గాలి అప్పటికే అవసరమునకు మించి ఉండును. ఇంధనమును పెంచక గాలిని మాత్రమే పెంచుట, పొయ్యిలో కట్టెలు వేయక విసనకఱ్ఱతో విసరుట వంటిది. అంతేకాక టర్బో ఒత్తిడి ఒక మేర దాటకుండ ఆపు నియంత్రకము ప్రతి ఇంజనుకును కలదు. ముందరి గొట్టములో అడ్డు కొంత తగ్గినను, ఈ నియంత్రకము ఇంజనులోని ఒత్తిడిని పూర్వపు మేరలోనే నిలుపును. టర్బోకు శ్రమ కొద్దిగా తగ్గునే గాని, సిలిండర్లకు అందు గాలి అంతగా మారదు.

మరి క్రొత్త గొట్టము అమర్చినవారు బండి చురుకైనదని ఎందులకు చెప్పుదురు? వారు అబద్ధమాడుటలేదు. కంపెనీవారి పెట్టె గాలి చేయు చప్పుడును కూడ అణచుచుండెను. అది పోగానే టర్బో ఈల స్పష్టముగా వినబడును. చెవికి హుషారు కలిగినపుడు కాలికిని హుషారు కలుగుట సహజము. అదిగాక, చాలమంది క్రొత్త గొట్టముతోపాటు మూసుకొనిపోయిన పాత ఫిల్టరును కూడ తీసివేయుదురు. అందువలన కలిగిన మేలు క్రొత్త గొట్టము ఖాతాలో చేరిపోవును.

ఈ సందేహమును తీర్చుకొనుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. ఒక మీటరు ఎత్తు కాళ్ళు గల పారదర్శకపు ప్లాస్టికు గొట్టమును ‘యు’ అక్షరము వలె వంచి, సగము వరకు రంగునీరు నింపుడు. ఒక కొసను ఫిల్టరుకును టర్బోకును నడుమ గల గొట్టమునకు సన్నని ట్యూబుతో కలిపి, రెండవ కొసను తెరచి ఉంచుడు. బండి పూర్తి బరువుతో ఎత్తు ఎక్కునపుడు ప్రక్క సీటులోని మనిషి రెండు నీటిమట్టముల భేదమును చూడవలెను. కాళ్ళు పొట్టివైనచో నీరు ఇంజనులోనికి పోగలదు గనుక ఎత్తు తగ్గింపరాదు. వాతావరణపు ఒత్తిడి సుమారు పది మీటర్ల నీటితో సమానము. భేదము 25 సెంటీమీటర్లు ఉన్నచో, గాలి మార్గము కలిగించు అడ్డు నూటికి రెండున్నర పాళ్ళు మాత్రమే. ఆ అడ్డును సంపూర్ణముగా తొలగించినను లాభము అంతకు మించదు. పెద్ద డీజిలు ఇంజన్ల తయారీదారులు సాధారణముగా 25 అంగుళములు, అనగా సుమారు 63 సెంటీమీటర్ల భేదము వచ్చినపుడు ఫిల్టరు మార్చుమందురు. మీ లెక్క ఆ దరికి వచ్చినచో మొదట ఫిల్టరును మార్చి మరల కొలిచి చూడుడు. అప్పటికిని తగ్గనిచో మార్గమును శంకింపవచ్చును.

గాలి మార్గము చేయవలసిన పనులు మూడు. గాలిని చల్లగా, శుభ్రముగా, పొడిగా తెచ్చుట. క్రొత్త అమరికను ఈ మూడింటిని బట్టియే తూచవలెను.

మొదటిది చల్లదనము. గాలి వేడెక్కినకొలది పలుచబడును. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కినచో దాని సాంద్రత నూటికి తొమ్మిది పాళ్ళు తగ్గును. కంపెనీవారి పెట్టె హెడ్‌లైటు వెనుకనుండియో, మడ్‌గార్డు లోపలనుండియో బయటి గాలిని తెచ్చును. బానెట్టు క్రింద, ఇంజను ప్రక్కనే తెరచి ఉంచిన శంకువు ఫిల్టరు ఆ ఇంజను వేడినే మరల పీల్చును. ఇంటర్‌కూలరు కొంత సర్దినను, నష్టము నష్టమే.

రెండవది శుభ్రత. మన ప్రాంతములలో ఇదియే అన్నింటికంటె ముఖ్యము. కోతల కాలపు పొలము దారులు, కంకర క్వారీల రోడ్లు, లారీల వెనుక లేచు ఎఱ్ఱని దుమ్ము మనకు క్రొత్తవి కావు. మడతల కాగితపు ఫిల్టరు మంచిదైనచో నూటికి 99 పాళ్ళ ధూళిని ఆపును. వేరొక ఫిల్టరు 97 పాళ్ళు ఆపునని అనుకొందము. భేదము రెండే కదా యని తోచును గాని, లోనికి పోవు ధూళి ఒక పాలునుండి మూడు పాళ్ళకు పెరిగినది. అనగా మూడింతలు! నూనెతో తడిపిన నూలు వల ఫిల్టర్లు గాలిని తేలికగా వదలును. వానిలో పెక్కు సన్నని ధూళిని కూడ తేలికగానే వదలును. లక్ష చుట్లు తిరుగు అల్యూమినియము చక్రమునకు ఆ ధూళి ఉప్పుకాగితము వంటిది. పిస్టను రింగులను, సిలిండరు గోడలను అది కంటికి కనబడక అరగదీయును. నాలుగేండ్లకు ఇంజను నూనె త్రాగుచున్నదని తెలిసినపుడు, కారణము ఏనాడో బిగించిన ఫిల్టరని ఎవరికి తోచును?

మూడవది పొడితనము. చల్లని గాలి కొఱకు కొందరు గొట్టపు నోటిని బంపరు క్రిందికి దింపుదురు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు వీధులలో నీరు ఎంత ఎత్తున పారెనో చూచినవారికి ఇందలి ప్రమాదము వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్కొక్క సిలిండరు 500 మిల్లీలీటర్లు గల రెండు లీటర్ల ఇంజనులో, పిస్టను పైకి వచ్చినపుడు మిగులు చోటు సుమారు 28 మిల్లీలీటర్లు, అనగా ఒక ఔన్సు. గాలి అణగును గాని నీరు అణగదు. ఒక ఔన్సు నీరు లోనికి పోయినచో కనెక్టింగు రాడ్డు వంగును. నీటిలో ఆగిన బండిని మరల స్టార్టు చేయరాదనుటకు కారణము ఇదియే.

కొన్ని ఇంజన్లలో మరియొక చిక్కు కలదు. ఫిల్టరు తరువాత, లోనికి పోవు గాలిని కొలుచు సన్నని సెన్సారు ఉండును. గొట్టపు వ్యాసము మారినచో దాని లెక్క తప్పును. నూలు ఫిల్టరుకు నూనె ఎక్కువైనచో ఆ నూనె సెన్సారుపై పేరుకొనును. గాలి తక్కువగా ఉన్నదని భ్రమించిన కంప్యూటరు డీజిలును తగ్గించును. బలము కొఱకు చేసిన మార్పు బలమును హరించుట ఇట్లు జరుగును.

అయినచో కంపెనీ అమరికను ఎన్నడును మార్చరాదా? మార్చవచ్చును. పెట్టె పగిలి, సరియైన భాగము ఎచ్చటను దొరకనపుడు మార్పు అవసరమే. అప్పుడు మేము చెప్పు నియమములు కొలది. ఫిల్టరు మూతగల పెట్టెలో ఉండవలెను. బయటి గాలి తెచ్చు నోరు పూర్వపు ఎత్తుకు తగ్గరాదు. సెన్సారు ఉన్నచో దాని పాత గొట్టమునే వాడవలెను. ఇంజను ఆవిరి గొట్టము కలియు రంధ్రము క్రొత్త మార్గములోను ఉండవలెను. దానిని తెరచి విడిచినచో ధూళికి దొడ్డిదారి ఏర్పడును. అతుకులన్నియు మంచి క్లిప్పులతో బిగించి, నెల తరువాత గొట్టము లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు కొంచెము నూనె అంటుట సహజము. మట్టి అంటినచో ఆ అమరిక పనికిరాదు.

పాత బండి ఆయాసపడుచున్నచో, డబ్బు క్రొత్త గొట్టముపై వెచ్చించుటకు ముందు వరుసగా చూడదగినవి కలవు. ఫిల్టరు మూసుకొనినదా? దాని పెట్టె మూత సరిగా కూర్చున్నదా? రబ్బరు గొట్టము మడతలలో చీలినదా? టర్బోకును ఇంజనుకును నడుమ గల గొట్టములలో గాలి కారుచున్నదా? బరువు ఎక్కినపుడు బుస్సుమను శబ్దము, నల్లని పొగ ఈ కడపటి లోపమునకు గుర్తులు. పొగ పరీక్షలో బండి తప్పుటకును ఇది ఒక కారణము. ఫిల్టరును కంప్రెసరు గాలితో ఊది మరల వాడు అలవాటు మానవలెను. ఆ వేగమునకు కాగితము కంటికి తెలియకుండ చిరుగును.

పెట్టె చూడ ముచ్చటగా లేకున్నను, అది అడ్డుకొనునది గాలిని కాదు, ధూళిని. క్రొత్త కాగితపు ఫిల్టరు, చీలిక లేని రబ్బరు గొట్టము, బిగుతైన క్లిప్పు దొరకినచో పెక్కు పాత బండ్లకు వేరు మందు అక్కరలేదని మా అభిప్రాయము.