జకార్తా బంగారం తెచ్చిన ఏడాదికే ఆట ఆగింది: సికింద్రాబాద్ బలరామ్ కథ

2024 రంజాన్ పండుగ రోజుల్లో ‘మైదాన్’ సినిమా విడుదలయ్యాక సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు మళ్లీ వినబడింది. హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ కేన్సర్‌తో బాధపడుతూనే 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెచ్చారన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆయన తయారుచేసిన తులసీదాస్ బలరామ్ ఆ పతకం తెచ్చిన మరుసటి ఏడే ఆట వదిలేయాల్సి వచ్చిందన్నది మాత్రం అంతగా ఎవరికీ తెలియదు.

బలరామ్ 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టాడు. పేద తమిళ కుటుంబం. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసుల పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర చేయించుకున్నాడని ఆయనే చెప్పుకునేవారు. సంతోష్ ట్రోఫీ సెలక్షన్‌కు రమ్మని రహీం సాబ్ పిలిస్తే, రోజూ హైదరాబాద్ దాకా రావడానికి చేతిలో పైసలు లేవు. సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీం సాబే డబ్బులిచ్చారు. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. మన జట్టు అక్కడ నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1957 నుంచి కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, కెప్టెన్ కూడా అయ్యాడు.

జకార్తాలో గాయాల గొడవ మామూలుగా లేదు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మ్యాచ్‌కు ఆయన లేడు. అందులో మనం 2-0తో గెలిచాం, ఒక గోల్ బలరామ్‌ది. సెమీఫైనల్‌కు రహీం సాబ్ చేసిన పని ఇప్పటికీ ఆశ్చర్యమే. కుట్లతో ఉన్న డిఫెండర్‌ను వెనక్కి కాకుండా ముందుకు పంపి, గోల్స్ కొట్టే చోట నిలబెట్టారు. సెమీస్‌లోనూ ఫైనల్‌లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం.

తలకు దెబ్బ తగిలితే కట్టు కట్టుకుని ఆడొచ్చు (ఇప్పటి డాక్టర్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి). బలరామ్‌కు వచ్చింది పైకి కనబడే దెబ్బ కాదు, ప్లూరసీ. ఊపిరితిత్తుల మీద రెండు పలుచని పొరలు ఉంటాయి. శ్వాస తీసిన ప్రతిసారీ అవి ఒకదాని మీద ఒకటి జారాలి. వాటికి వాపు వస్తే గట్టిగా గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో పొడిచినట్టు ఉంటుంది. కొందరికి పొరల మధ్య నీరు చేరుతుంది. న్యుమోనియాతోనూ రావచ్చు గానీ, మన దేశంలో దీని వెనక టీబీ ఉండటం ఎక్కువ. బలరామ్ ఆట అంతా పరుగే. ఎడమ పక్క నుంచి దూసుకెళ్లాలి, బంతి పోతే మళ్లీ వెనక్కి వచ్చి కాపాడాలి. 1963లో, 27 ఏళ్ల దగ్గర, ఆయన బూట్లు విప్పేశాడు.

ఇక్కడ ఐర్లండ్ డిఫెండర్ పాల్ మెక్‌గ్రాత్‌ను గుర్తు చేసుకోవాలి. ఆయన మోకాళ్లకు ఎనిమిది ఆపరేషన్లు అయ్యాయి. 1989లో మాంచెస్టర్ యునైటెడ్ వదిలేస్తే ఆస్టన్ విల్లా తీసుకుంది. మోకాళ్లు అరిగిపోకూడదని ట్రైనింగ్ నుంచి చాలావరకు మినహాయించి, మ్యాచ్ రోజే దింపేవాళ్లు. 1993లో ఇంగ్లండ్ ఆటగాళ్లంతా ఓటేసి ఆయన్ని ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. 1994 వరల్డ్ కప్‌లో 34 ఏళ్ల వయసులో ఇటలీ స్టార్ రాబర్టో బాజియోను కదలనివ్వలేదు. 1998 దాకా ఆడాడు. డిఫెండర్‌కు ఆ వెసులుబాటు ఉంది, బంతి ఎక్కడికొస్తుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడితే సగం పరుగు తప్పుతుంది. ఫార్వర్డ్‌కు, అందులోనూ ఛాతీ జబ్బు ఉన్నవాడికి, అది కుదరదు.

ఇప్పుడైతే టీబీ వల్ల వచ్చిన ప్లూరసీకి సాధారణంగా ఆరు నెలల మందులు. సర్కారు దవాఖానలో ఉచితంగానే ఇస్తారు. పెద్దపల్లిలో గానీ గోదావరిఖనిలో గానీ గ్రౌండుకు పోయే పిల్లలు సెలక్షన్ పోతుందేమోనని నొప్పి దాచిపెడతారు. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఊపిరి తీస్తే పోటు ఉంటే, ఆటను పక్కనపెట్టి ముందు పరీక్ష చేయించాలి. మధ్యలో మందులు మానేస్తే జబ్బు మొండిదై తిరిగొస్తుంది.

బలరామ్‌ను నిలబెట్టింది రైల్వే ఉద్యోగం. ఈస్ట్ బెంగాల్ నుంచి రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు మారాడు కాబట్టి ఆట పోయినా జీతం ఉంది, తర్వాత అక్కడే కోచింగ్ కూడా ఇచ్చాడు. ఆటల కోటాలో వచ్చే ఉద్యోగాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు.

రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. గురువు పోయిన ఏడే శిష్యుడి ఆటా ముగిసింది. అర్జున అవార్డు వచ్చింది గానీ, పద్మశ్రీ రాలేదన్న బాధ బలరామ్‌లో చివరిదాకా ఉంది. పెళ్లి చేసుకోలేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఒంటరిగా ఉండేవారు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తా దవాఖానలో చనిపోయారు. ‘మైదాన్’ విడుదలకు అప్పటికి ఇంకా ఏడాది పైనే ఉంది.