అడుగుట నేర్పెడి బడి



మన దేశాచారమున బాలునకు ఐదవయేట పళ్లెరములో బియ్యము పోసి, చూపుడువ్రేలు పట్టి తొలియక్షరములు వ్రాయింతుము. అక్షరమే తొలిపాఠమని మన నమ్మకము. కాని అక్షరమునకు ముందు మఱియొక విద్య యున్నది. ఎవరును నేర్పకయే వచ్చునది గనుక దానికి మనము విద్యయని పేరు పెట్టలేదు. ఏడాది దాటిన బిడ్డ చందమామను వ్రేలితో చూపి, వెంటనే తల్లి ముఖమువంక చూచును. "నేను చూచినది నీవును చూచితివా?" యని ఆ చూపునకు అర్థము. దాహమైనచో కొంగు పట్టి లాగును. తనకొక కోరిక కలదనియు, దానిని ఎదుటివారికి తెలుపవచ్చుననియు ఆ పసివానికి ఎట్లో తెలిసియున్నది. ఈ విద్య తనంత అబ్బని పిల్లలు కొందరు గలరు. అట్టివారికై యేర్పడిన బడులలో తొలిపాఠము అక్షరము గాదు, అడుగుట. ఆ బడులను గూర్చియే నేటి ప్రసంగము.

ఆ పిల్లల స్థితికి వైద్యులు పెట్టిన పేరు ఆటిజము. గ్రీకు భాషలో "ఆటోస్" అనగా "తాను". దానిని స్వలీనత యనియు చెప్పుచున్నారు. పేరు బాగుగనే యున్నది గాని, బిడ్డ కావలెనని లోకమును విడిచి తపస్సు చేయుచున్నట్లు తోపించుచున్నది. అది సరిగాదు. 1943లో అమెరికా దేశమందలి బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల లక్షణములను వివరించి ప్రకటించెను. మరుసటియేడు హాన్స్ ఆస్పర్గర్ వియన్నా నగరమునుండి అట్టిదే వ్రాసెను. వీరిద్దరికంటె ముందే, 1925లో, మాస్కోలో గ్రున్యా సుఖరేవా యను వైద్యురాలు ఆరుగురు బాలురను గూర్చి ఇట్టి వర్ణనమే చేసియుండెను గాని, ఆమె పేరు లోకమునకు చాల ఆలస్యముగ తెలిసినది. స్త్రీల పాండిత్యమునకు ఇది క్రొత్త గాదు.

ఇది జ్వరమువలె వచ్చి పోవు రోగము గాదు. మెదడు ఎదుగు తీరులోనే గల భేదము. మూడేండ్లలోపల గుర్తులు కానవచ్చుట సాధారణము. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకుండుట, వ్రేలితో ఏదియు చూపకుండుట, మాట రాకుండుట లేక వచ్చిన మాట పోవుట, బండిచక్రమును గంటల తరబడి త్రిప్పుచు కూర్చుండుట, అలవాటైన దారి మార్చినచో అలవిగాని దుఃఖము పొందుట, ఇట్టివి చూడవలసినవి. అందరును ఒక్కటే పోలిక గాదు. కొందరికి జీవితాంతము మాట రాదు, కొందరు పుస్తకము చదివినట్లు మాటలాడుదురు. కొందరికి బుద్ధిమాంద్యము తోడుగా నుండును, కొందరికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 2021 నాటి లెక్క ప్రకారము సుమారు 127 మందిలో ఒకరు ఇట్టివారు. ఆ లెక్కన 3,000 జనాభా గల గ్రామమున పెద్దలు పిన్నలు కలిసి ఇరువదిమందికి పైగా నుండవలయును. "మా ఊరిలో అట్టివారు లేరే" యని మీరందురు. ఉన్నారు. మొండివాడు, మాలోకము, మూగవాడు, గాలి సోకినది అను వేరు పేర్లతో ఉన్నారు.

పేరు తరువాత వచ్చునది నింద. అది ఎల్లప్పుడును తల్లిమీదనే పడును. ఆమె గ్రహణమునాడు బయట తిరిగినదందురు, బిడ్డను ఎత్తుకొనక పనికి పోయినదందురు. ఈ విషయమున మనమే అజ్ఞానులమని సిగ్గుపడనక్కరలేదు. తల్లి మనస్సు మంచుగడ్డవలె చల్లబడుటచేతనే బిడ్డ ఇట్లగునని పాశ్చాత్య పండితులే చిరకాలము నమ్మిరి. చికాగోలో ఒక బడిని నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ వాదముతో గ్రంథమునే ప్రకటించెను. దానికి మూడేండ్ల ముందే బెర్నార్డ్ రిమ్లాండ్, తాను మనశ్శాస్త్రజ్ఞుడును అట్టి బిడ్డకు తండ్రియును గనుక, ఇది శరీరధర్మమే గాని తల్లి దోషము గాదని వ్రాసియుండెను. 1977లో 21 జతల కవలలను పరీక్షించిన శాస్త్రజ్ఞులకు జన్మతో వచ్చు కారణములే ప్రధానముగ కనబడినవి. టీకాలవలన ఇది వచ్చునను మాటయు మన పల్లెలదాక వచ్చినది. 1998లో ఇంగ్లండులో అచ్చయిన ఒక వ్యాసము దానికి మూలము. అచ్చువేసిన పత్రికయే 2010లో ఆ వ్యాసమును రద్దు చేసినది. ఆ భయముతో మనుమలకు టీకా మాన్పించువారు ఈ రెండవ సంగతియు తెలిసికొనవలయును.

ఇక బడి మాట. ఇంగ్లండులో 1970 నాటి చట్టము వచ్చువరకు బుద్ధి బాగుగ ఎదుగని పిల్లలను "విద్యకు అనర్హులు" అని అధికారులు నిర్ణయింపవచ్చును. అట్లు నిర్ణయించిన పిల్లకు బడి తలుపు మూసినట్లే. బడిపంతులుగా బ్రతికిన నాకు ఆ మాట వినుటయే కష్టముగా నున్నది. ఆ దినములలో, 1962లో, లండనులో కొందరు తల్లిదండ్రులు కలిసి ఒక సంఘముగా నేర్పడిరి. వారిలో లోర్నా వింగ్ అను వైద్యురాలు ఒకరు. ఆమె కూతురును ఇట్టిదే. మాంటిసోరి పద్ధతి నేర్చిన సిబిల్ ఎల్గర్ అను ఉపాధ్యాయిని తన యింటి నేలమాళిగలోనే ఇట్టి పిల్లలకు చదువు చెప్పుచుండెను. ఆ తల్లిదండ్రులు ఆమెను ముందిడుకొని 1965లో ఈలింగ్ అనుచోట బడి పెట్టిరి. ఇట్టి పిల్లలకు చదువు చెప్పవచ్చునా లేదా యను వాదమునకు ఆ బడియే జవాబైనది. మన దేశమునను బాట వేసినవారు కన్నవారే. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం అను సంస్థను మెర్రీ బారువా అను తల్లి స్థాపించి, ఓపెన్ డోర్ అను బడిని నడిపించెను.

ఇట్టి బడిలోపల ఏమి జరుగును? ఒక నగరమందలి బడిలో నేను కొన్ని ఉదయములు వెనుకగా కూర్చుండి చూచితిని. గోడలు బోసిగా నున్నవి. మన బడులలో గోడలనిండ నాయకుల చిత్రములు, దేశపటములు తగిలింతుము గదా, ఇచ్చట ఏల లేవని యడిగితిని. "మాస్టారూ, మీకూ నాకూ గోడమీద పటం ఉన్నా పాఠం వినపడుతుంది. వీళ్లకి ప్రతి పటమూ పెద్దగా పిలిచినట్టే ఉంటుంది. ఎవరి మాట వినాలి చెప్పండి?" అని ఆ ఉపాధ్యాయిని బదులు చెప్పెను.

ప్రతి పిల్లవాని బల్లప్రక్కను ఒక అట్టపట్టీ వ్రేలాడుచుండును. దానిమీద పైనుండి క్రిందికి చిన్న బొమ్మలు: చాప, బుట్ట, నీళ్లు, ఉయ్యాల, అన్నము, సంచి. ఒక పని కాగానే పిల్లవాడు ఆ బొమ్మను ఊడదీసి క్రిందనున్న జేబులో వేయును. ఆ దినమంతయు అందులో కనబడుచుండును. తరువాత ఏమి రానున్నదో తెలియక కలుగు భయము వాని ఏడుపులో సగము. నోటితో చెప్పినచో చాలదా యందురేమో. శబ్దము నిత్యమా అనిత్యమా యని మన మీమాంసకులును నైయాయికులును తరతరములు వాదించుకొనిరి గదా. ఈ గదిలో మాత్రము నైయాయికులదే గెలుపు. పలికిన మాట క్షణములో మాయమగును, బొమ్మ నిలిచియుండును. పని నేర్పుటయు అట్లే. ఎడమవైపున నిండిన బుట్టలు, కుడివైపున ఖాళీ బుట్ట. ఎడమవి అన్నియు కుడికి చేరినచో పని ముగిసినది. ఎంత చేయవలయునో, ఎప్పుడు ముగియునో అడుగకయే తెలియును. ఈ పద్ధతిని ఎరిక్ షాప్లర్ అను పండితుడు అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమున పెంపొందింపగా, 1972లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే దానిని రాష్ట్రమంతట నడిపింప పూనుకొనెను.

అడుగుట నేర్పు పాఠమును చూడుడు. ఏడేండ్ల బాలుడు, మాట లేదు. వానికి బొరుగులనిన ప్రాణము. ఉపాధ్యాయిని బొరుగుల గిన్నె పట్టుకొని ఎదుట కూర్చుండెను. బల్లమీద బొరుగుల బొమ్మ గల చీటి యొకటి. బాలుడు గిన్నెకై చేయి చాపెను. వాని వెనుక కూర్చున్న మఱియొక యామె మాటాడక ఆ చేతిని చీటిమీదికి నడిపి, చీటిని ఉపాధ్యాయిని యరచేతిలో పెట్టించెను. తక్షణమే "బొరుగులు!" అనుచు ఆమె నాలుగు గింజలిచ్చెను. మరల అట్లే, మరల అట్లే. కొన్ని దినములకు వెనుకనున్న చేయి తీసివేయుదురు. పిమ్మట ఉపాధ్యాయిని గది యవతలికి పోయి కూర్చుండును, బాలుడు చీటి తీసికొని ఆమెను వెదకికొని పోవలయును. గమనింపుడు, "ఏమి కావలెను?" అని ఆమె ఒక్కసారియు అడుగదు. అడిగినచో వాడు జవాబు చెప్పుట నేర్చును గాని తనంత అడుగుట నేర్వడు. 1985లో డెలావేరు రాష్ట్రమున ఆండీ బాండి, లోరీ ఫ్రాస్ట్ అను ఇద్దరు దీనిని ఏర్పరచిరి. బొమ్మలకు అలవాటు పడినచో నోటిమాట రాకపోవునేమో యని తల్లులు దిగులుపడుదురు. పరిశోధనలలో అట్టి హాని కనబడలేదు.

మాట వచ్చిన పిల్లల చిక్కు వేరు. తల్లి దినమును "నీళ్లు కావాలా నాన్నా?" అని నీళ్లిచ్చును. బిడ్డకు ఆ శబ్దముల పొడవున నీళ్లు వచ్చునని తెలిసినది. దాహమైనప్పుడు తల్లియొద్దకు వచ్చి "నీళ్లు కావాలా నాన్నా?" అనును. విన్నవారు నవ్వుదురు. వాడు అడుగుచున్నాడు. ఉత్తమపురుష మధ్యమపురుషలు తారుమారైనవి, అంతియే. "నేను", "నీవు" అను మాటలు పలుకువానినిబట్టి మారుట ఎంత విచిత్రమో మనము వ్యాకరణము చదివినప్పుడైనను ఆలోచింపము. ఇంకను పెద్దవారైన పిల్లలకు వక్త తాత్పర్యము గ్రహించుట కష్టము. "సైంధవమానయ" అన్నచో భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము తేవలయునని మన శాస్త్రములలో ఉదాహరణము గలదు. ఈ పిల్లలకు దినమంతయు సైంధవములే. "నా తల తినకురా" అని తాత విసుగుకొనినచో ఆ బాలుడు నిజముగనే బెదరి తాత తలవంక చూచును. కాన బడిలో చెప్పదలచినది తిన్నగా, కొలది మాటలలో చెప్పుదురు. ఇది ఏ బడికైనను మేలే.

తల గోడకు కొట్టుకొనుట, చేయి కొఱుకుకొనుట చూచి మనము దయ్యమనియో పొగరనియో యందుము. ఆ బడిలో మొదట వేయు ప్రశ్న, "వీడేమి అడుగుచున్నాడు?" అని. పంటినొప్పి కావచ్చును. కుక్కరు ఈలయో జాతరలోని మైకు మ్రోతయో వాని చెవికి సూదులవలె గ్రుచ్చుచుండవచ్చును. "ఆపుడు" అను అర్థము గల చీటి యొకటి చేతికి వచ్చినపిమ్మట తల కొట్టుకొనుట తగ్గిన పిల్లలు గలరు. పల్లెలకు మఱియొక సంగతి ముఖ్యము. ఈ పిల్లలలో పెక్కుమంది చెప్పక ఇల్లు విడిచిపోవుదురు, నీరనిన వారికి మక్కువ. చెరువు, దిగుడుబావి, కాలువ వీరికి గొప్ప యపాయములు. అట్టి బిడ్డ కనబడలేదనినచో మొదట నీళ్లవైపు పరుగిడవలయును. పాడుబావికి చుట్టుగోడ కట్టించుట పంచాయతీ చేయదగిన పని.

అందరు పిల్లలను ప్రత్యేకపు బడికే పంపవలయునా? నేను అట్లు చెప్పను. కొందరు కొంత సాయముతో ఊరి బడిలోనే చదువగలరు, అది సాధ్యమైనచోట అదియే మేలు. కొందరికి మొదట కొన్నియేండ్లు ఇట్టి బడి, పిమ్మట ఊరి బడి. కొందరికి కడదాక ఇదియే. మన 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరే లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టములో చేరినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము లెక్కించిన 21 వైకల్యములలో ఇది యొకటి. 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవరకు దగ్గరి బడిలోగాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగ చదువుకొను హక్కు ఈ చట్టమిచ్చినది. అది ఎవరి దయయు గాదు. మన రెండు రాష్ట్రములలోను మండలములందు భవిత కేంద్రములు గలవు, ముందుగ అచ్చట విచారింపవచ్చును. సికిందరాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ గలదు. బిడ్డ స్థితిని కొలుచుటకు మన దేశమంతట వాడు 40 అంశముల కొలమానము అచ్చటనే తయారైనది.

బడిని ఎంచుకొనునప్పుడు, ఆఱునెలలలో పూర్తిగ నయము చేసెదమనువారి మాట నమ్మవలదు. ఆటిజమును పోగొట్టు మందు లేదు. తల్లిదండ్రులను లోపలికి రానీయని బడిని, బెత్తము కనబడిన బడిని విడిచి రండు. ఏమి నేర్పుచున్నారని అడుగుడు. అక్షరములు, అంకెలు అని మాత్రమే చెప్పినచో, తనంత లుంగీ కట్టుకొనుట, దొడ్డికి పోవలయునని తెలుపుట, అంగడిలో రూపాయలిచ్చి సరకు తెచ్చుట ఎప్పుడు నేర్పుదురని మరల అడుగుడు.

పదునెనిమిదేండ్లు నిండినపిమ్మట ఏమను ప్రశ్న ఈలింగు తల్లిదండ్రులకును వచ్చినది. పిల్లలు పెద్దవారైరి, బడి చాలలేదు. 1974లో సిబిల్ ఎల్గర్ సోమర్సెట్ జిల్లాలో, పల్లెపట్టున, అట్టి యువకులు కలిసి నివసించుటకు సోమర్సెట్ కోర్టు అను గృహమును ప్రారంభింపజేసెను. మన పల్లెలో అట్టి గృహము లేకపోయినను పని కొఱతలేదు. చింతపండు గింజ తీయుట, వేరుసెనగకాయ ఏరుట, మొక్కలకు వరుసగా నీళ్లు పోయుట, ఇవి ఎడమబుట్టనుండి కుడిబుట్టకు పని చేర్చుట నేర్చినవానికి చేతకాని పనులు గావు. కూలి మాత్రము తక్కినవారితో సమముగ నీయవలయును.