రెండు కీళ్ళ దవడ

పిల్లలకు పాలిచ్చి పెంచుట క్షీరదముల ముఖ్యలక్షణము. శరీరముపై రోమములుండుట మరియొకటి. ఆవు, పిల్లి, గబ్బిలము, తిమింగిలము, మానవుడు అందరును ఈ తరగతికి చెందినవారే. కాని కోట్ల సంవత్సరముల క్రిందట నశించిన జంతువును ఈ లక్షణములతో పరీక్షించుట కష్టము. పాలు శిలగా మారవు. రోమములు నిలిచియుండుట మిక్కిలి అరుదు. మిగులునవి ఎముకలును దంతములును. అందుచే శాస్త్రజ్ఞులు ఎముకలలోనే ఒక గుర్తును వెదకిరి. ఆ గుర్తు దవడ కీలు.

బల్లి, మొసలి మొదలగు సరీసృపముల క్రింది దవడలో ప్రతి ప్రక్కను అనేకములైన ఎముకలు అతుకబడి యుండును. వానిలో వెనుకనున్న యెముక పుర్రెలోని మరియొక యెముకతో చేరి కీలుగా పనిచేయును. క్షీరదముల క్రింది దవడలో ఒక్కొక్క ప్రక్కను ఒకే యెముక గలదు. దంతములను మోయు ఆ యెముకయే నేరుగా పుర్రెతో కీలు కట్టును. మరి తక్కిన యెముకలు ఏమైనవి? 1837లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రైకెర్ట్ గర్భస్థ పిండములను పరిశీలించి దీనికి సమాధానము చూపెను. సరీసృపముల కీలులోని రెండెముకలే క్షీరదముల నడిమిచెవిలో సుత్తి, దాగలి అను చిట్టి యెముకలైనవని ఆయన గుర్తించెను.

ఇచ్చట ఒక సందేహము కలుగును. కీలు ఎముకలు చెవిలోనికి జరుగుచున్న కాలమున ఆ ప్రాణి ఆహారమును ఎట్లు నమలెను? దవడ పనిచేయనిచో బ్రతుకెట్లు సాగును?

ఈ సందేహమును తీర్చినది మోర్గనుకొడాన్ అను చిన్న జంతువు. వేల్సు దేశమునందలి గ్లామోర్గన్ ప్రాంతపు సున్నపురాతి నెర్రెలలో దీని దంతములు దొరకెను. 1949లో వాల్టర్ క్యూనె దీనికి ఆ ప్రాంతము పేరుననే నామకరణము చేసెను. చైనాలోని యునాన్ రాష్ట్రమున దీని పుర్రెయు లభించినది. సుమారు 20 కోట్ల సంవత్సరముల క్రిందట జీవించిన యీ ప్రాణి చుంచెలుకంత యుండెను. కొంత తరువాతి కాలమున మన ప్రాణహిత–గోదావరి లోయలోను ఇట్టి చిన్న జంతువులు సంచరించెను. అచ్చటి కోట శిలాస్తరములలో దొరకిన దంతము ననుసరించి 1981లో ఒకదానికి కోటాథీరియం అని పేరిడిరి.

1973లో కెర్మాక్, మస్సెట్, రిగ్నీ అనువారు మోర్గనుకొడాన్ క్రింది దవడను సవిస్తరముగా వర్ణించిరి. దానికి ప్రతి ప్రక్కను రెండు కీళ్ళు గలవు. పాత కీలు లోపలి వైపునను, క్రొత్త కీలు దాని చెంతనే వెలుపలి వైపునను ఉన్నవి. నమలుటలోని భారమును క్రొత్త కీలు వహింపగా, సన్నగిలిన పాత యెముకలు శబ్దమును చెవికి చేర్చుటకు తోడ్పడెను. క్రొత్త యిల్లు నిలుచువరకు పాత యింటనే కాపురముండు గృహస్థునివలె ఆ జంతువు రెండింటిని వాడుకొనెను.

ఇట్టి ప్రాణిని ఏ వర్గమున చేర్చవలెను? క్రొత్త కీలున్నది గనుక ఇది క్షీరదమేయని పలువురు తలచిరి. 1988లో టిమోతీ రో వేరొక నిర్వచనమును ప్రతిపాదించెను. నేడు జీవించు సకల క్షీరదములకు కడపటి ఉమ్మడి పూర్వజమును, దాని సంతతియును మాత్రమే క్షీరదములు. మోర్గనుకొడాన్ ఆ పూర్వజమునకు ముందే వేరుపడిన శాఖలోనిది. కావున దీనిని క్షీరదరూపులు అను విశాలవర్గమున నుంచిరి.

దీని జీవనమును రెండు విధములుగ నుండెను. పాలపండ్లు ఊడి మరల ఒక్కసారియే మొలచుట క్షీరదముల తీరు. కాని దంతమూలములలోని వార్షిక వలయములను లెక్కించిన పరిశోధకులు, ఇది 14 ఏండ్లవరకు జీవించెనని 2020లో ప్రకటించిరి. అంత చిన్న క్షీరదము నేడు రెండు మూడేండ్లకు మించి బ్రతుకుట అరుదు. సరీసృపములవలె దీని జీవనగతి మందముగా నుండెనని దీనివలన తెలియుచున్నది.

వర్గము పేరు మారినను ఆ జంతువు ఎముకలు మారలేదు. హద్దును ఎచ్చట నిర్ణయింపవలెనన్నది మానవుని పని. తరగతిలో పాఠము వినుచున్న బాలుని చెవిలో కదలు సుత్తియు దాగలియు ఒకప్పుడు ఆహారమును నమలిన కీలే.